ఉయ్యాలకి మూడు పరీక్షలు

శుక్రవారం పొద్దున్న ఏడు గంటలకి ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. అటక మీదున్న చెక్క ఉయ్యాలని దించాలి. దాని మీద తరాలుగా పేరుకుపోయిన పాలిష్‌ని గీకెయ్యాలి. మధ్యాహ్నానికి కడిగి ఎండలో పెట్టాలి. ఆదివారం సాయంత్రం ఐదింటికి భార్యా, పన్నెండు రోజుల పాపా ఆసుపత్రి నుంచి వస్తారు. పాప అందులో పడుకుంటుంది. ఎవరికైనా ఇది ఒక పూట పని. ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు.

ఆయన గొడుగుల ఫ్యాక్టరీలో తనిఖీదారు. ప్రతి గొడుగునీ మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూయడం ఉద్యోగం. రెండుసార్లు బుద్ధిగా తెరుచుకున్న గొడుగు మూడోసారి మోసం చేస్తుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఫ్యాక్టరీలో ఆయన్ని 'మూడోసారి' అంటారు. ఇంట్లోనూ అదే వరస. పెళ్ళికి ముందు "నేనంటే ఇష్టమేనా?" అని కాబోయే భార్యని మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు ఆమె సిగ్గుపడింది. మూడోసారి విసుక్కుంది. విసుగు అబద్ధమాడదని ఆయన అప్పుడు ఒప్పుకున్నాడు.

పాప నెల ముందే పుట్టింది. ఆయన ఒక్కసారే ఎత్తుకున్నాడు. చేతులు ఎంత వణికాయంటే, నర్సు మాట్లాడకుండా వచ్చి పాపని తీసేసుకుంది. ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే భయం, తన చేతుల మీదుగా ఆ పిల్లకి ఏదో కీడు జరుగుతుందని. ఈ కథలో నవ్వుకోడానికి చాలా ఉంది గానీ, ఆ భయం మాత్రం నిజమైనది. రాత్రుళ్ళు నిద్రపట్టని భయం.

ఉయ్యాల ఆయన నాయనమ్మ కాపురానికొచ్చిన కొత్తల్లో చేయించింది. అందులో వరసగా మేనత్త, నాన్న, బాబాయి పడుకున్నారు. తర్వాత ఆయన పడుకున్నాడు. ఒక్కో పిల్ల పుట్టినప్పుడల్లా ఒక్కో పూత వెయ్యడంతో పాలిష్ తారులా నల్లబడి, మూలల్లో గడ్డకట్టింది. బ్లేడుతో గీకితే బ్లేడు వంగింది. గరుకు కాగితం పెట్టి రుద్దితే కాగితమే నున్నగా అయింది.

హార్డ్‌వేర్ షాపు నుంచి తెచ్చిన పూతలు తీసే మందు డబ్బాని ఆయన ముందు చదివాడు. మూసిన గదిలో వాడకూడదు. మంట దగ్గర పెట్టకూడదు. పీల్చకూడదు. చర్మానికి తగలకూడదు. మూడోసారి చదివేసరికి మూత తీసే ధైర్యం కూడా పోయింది. అన్నిటికన్నా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది. పాత పూతల్లో సీసం ఉండవచ్చు, గీకే ముందు పరీక్షించుకోండి. పసిపిల్లలకి మహా ప్రమాదం.

ఆయన గీకుడు బ్లేడు కింద పడేసి షాపుకి పరిగెత్తాడు.

"పరీక్ష పుల్లలున్నాయి సార్," అన్నాడు షాపాయన. "రుద్దితే కొస ఎర్రబడుతుంది. ఎర్రబడితే సీసమున్నట్టే. రెండు చాలా?"

"డబ్బాలో ఎన్నుంటాయి?"

"వంద."

"రెండు డబ్బాలివ్వండి."

పుల్లలతోపాటు ఒక కరపత్రం ఇచ్చారు. అందులో సీసం వల్ల వచ్చే బాధలన్నీ ఉన్నాయి. చిరాకు, కోపం, తలనొప్పి, మతిమరుపు, మొండితనం, చదువులో వెనకబాటు. ఆయన దారి పొడుగునా చదువుకుంటూ వచ్చాడు. తనలో మూడు లక్షణాలు ఉన్నాయనిపించింది. ఏ మూడో ఇంటికొచ్చేసరికి మర్చిపోయాడు. దాంతో నాలుగయ్యాయి.

పరీక్ష ఫ్యాక్టరీ పద్ధతిలోనే చేశాడు. అక్కడ గొడుగు పిడిని ముందు స్పిరిట్ గుడ్డతో తుడవాలి, తర్వాతే పరీక్షించాలి. గుడ్డ కోసం వెతుక్కోనక్కర్లేదు, గొడుగులకి కత్తిరించగా మిగిలిన నల్లగుడ్డ ముక్కలే వాడతారు. మనిషికి వారానికి ఒకే గుడ్డ. ప్రతి పది గొడుగులకీ ఒకసారి మొదటి గొడుగుని మళ్ళీ తుడిచి చూడాలి, తన చూపు సరిగ్గా ఉందో లేదో తెలియడానికి. పద్దెనిమిదేళ్ళుగా ఈ పద్ధతి తప్పలేదు. ఇవాళ తప్పే ప్రసక్తే లేదు.

ఉయ్యాలని స్పిరిట్‌లో తడిపిన నల్లగుడ్డతో మూడుసార్లు ఒత్తి తుడిచాడు. పుల్ల రుద్దాడు. కొస ఎర్రబడింది.

ఇంకో పుల్ల. ఎర్రబడింది. మూడోసారి కళ్ళు మూసుకుని రుద్ది, తెరిచి చూశాడు. రక్తంలా ఉంది.

"నాయనమ్మా!" అని కేక పెట్టాడు.

ఎనభై ఏళ్ళ నాయనమ్మ వంటింట్లోంచి తాపీగా వచ్చింది. "ఏంట్రా, తేలు కుట్టిందా?"

"ఇందులో విషం ఉంది."

"అందులో నువ్వున్నావురా మూడేళ్ళు. కాళ్ళు బయటికి వేళ్ళాడుతున్నా దిగలేదు."

"అందుకేనేమో నేనిలా అయ్యాను!"

నాయనమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. కాదనడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

విషం ఉయ్యాల దాకానే ఉందా, ఇల్లంతా పాకిందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆయన కిటికీ తుడిచి పుల్ల రుద్దాడు. ఎర్రబడింది. మంచం కోడు, బల్ల, గ్లాసు, నీళ్ళ పంపు, అన్నీ ఎర్రబడ్డాయి. పదో వస్తువు కాగానే పద్ధతి ప్రకారం మళ్ళీ ఉయ్యాలని తుడిచి చూసుకున్నాడు. తన చూపులో లోపం లేదు. జేబులో ఎప్పుడూ ఉండే ఫ్యాక్టరీ స్టిక్కర్లు తీశాడు. పసుపు కాగితం మీద 'పనికిరాదు' అని అచ్చువేసి ఉంటుంది. ఒక్కొక్కటే అంటిస్తూ పోయాడు.

"చెయ్యి చూపించు నాయనమ్మా."

"జాతకమా?"

"పరీక్ష. ఈ చేత్తోనే కదా ఉయ్యాల ఊపావు."

అరచెయ్యి తుడిచాడు, పుల్ల రుద్దాడు. ఎర్రబడింది. చేతికి అలవాటైన పని కాబట్టి ఆలోచించకుండానే ఆవిడ భుజం మీద ఒక స్టిక్కర్ అంటించేశాడు. నాయనమ్మ చూసుకోలేదు. ఇంట్లో కూర్చోడానికి పనికొచ్చే కుర్చీ ఒక్కటీ మిగల్లేదని విసుక్కుంటూ, పక్క వీధిలో ఉన్న కూతురింటికి నడిచి వెళ్ళింది.

మేనత్త దర్జీ. బట్టకి ఎక్కడ కుట్టు తప్పిందో ఎంత గుర్తుంటుందో, మనిషి ఎక్కడ మాట తప్పాడో కూడా అంతే గుర్తుంటుంది. తల్లి భుజం మీద 'పనికిరాదు' అన్న స్టిక్కర్ చూసి ఆవిడ కత్తెర చేత్తో పట్టుకునే బయల్దేరింది.

"కన్నతల్లికి చీటీ అంటిస్తాడా మీ బాబాయి!" అంటూ గుమ్మంలోంచే అందుకుంది. అన్ని నేరాలకీ ఆవిడ మొదటి అనుమానం తమ్ముడి మీదే.

"బాబాయి కాదత్తా, నేను."

కత్తెర కిందకి దిగింది. ఆయన కరపత్రం ఆవిడ చేతిలో పెట్టాడు. మేనత్త నిలబడి చదివింది, తర్వాత స్టిక్కర్ ఉన్న కుర్చీలోనే కూలబడి చదివింది.

"తలనొప్పి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తలనొప్పే. చదువులో వెనకబాటు... ఒరేయ్, నేను లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అమ్మ నన్ను బద్ధకం అని తిట్టింది!"

"బద్ధకం కాదత్తా. సీసం."

మేనత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నలభై ఏళ్ళ తర్వాత ఆవిడ లెక్కల్లో పాసైనంత సంతోషం ఆ ఏడుపులో ఉంది.

ఇక బాబాయికి చెప్పక తప్పదు. బాబాయి డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు రోడ్డు మీద దేనికీ భయపడరు, పక్క సీట్లో ఆయన లేకపోతే చాలు. అక్కాతమ్ముళ్ళకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కుటుంబమంతా కూర్చున్న ఒక ఫొటోలో తమ్ముడు తనని సగానికి కోసేసి తీశాడని అక్క అభియోగం. నువ్వు కుదురుగా నిలబడలేదని తమ్ముడి వాదన. ఆ ఫొటోలో మేనత్తది ఒక చెవీ, అర భుజమూ ఉన్నాయి.

బాబాయి వచ్చాడు, కరపత్రం చదివాడు, చెయ్యి చాపాడు. పుల్ల ఎర్రబడింది. బాబాయి కరపత్రంలో ఒక మాట మీద వేలు పెట్టాడు.

"కోపం అని రాశార్రా ఇక్కడ," అన్నాడు. గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "ఇన్నేళ్ళూ అందరూ నన్ను కోపిష్టి వెధవ అన్నారు. ఆ కోపం నాది కాదురా. ఉయ్యాలది."

"మొండితనం కూడా ఉంది చూడరా తమ్ముడూ," అంది మేనత్త.

"ఫొటో తీసినప్పుడు కూడా సీసమే అక్కా. నేను కాదు."

"తొమ్మిదేళ్ళు అది పట్టుకుని కూర్చున్నది కూడా నేను కాదురా. సీసమే."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాయనమ్మ ఈ తతంగమంతా చూసి, వీళ్ళకి నిజంగానే ఏదో సోకిందని మొదటిసారి భయపడింది.

సాయంత్రం నలుగురూ ల్యాబుకి వెళ్ళి రక్తం ఇచ్చారు. రిపోర్టు ఆదివారం సాయంత్రానికి అన్నారు. దారిలో బాబాయి ఎదురైన ప్రతివాడికీ తన కోపం సంగతి సగర్వంగా చెప్పాడు. శనివారం తెల్లారేసరికి ఇంటి ముందు పక్కింటాయన నిలబడి ఉన్నాడు.

"మా వీధి తలుపు కూడా పాతదేనండీ. ఒక్కసారి చూసి పెడతారా?"

ఆయన తలుపు తుడిచి పుల్ల రుద్దాడు. ఎర్రబడింది. పక్కింటాయన మనిషిని పిలిచి మధ్యాహ్నానికల్లా తలుపు ఊడదీయించాడు. ఎదురింటివాళ్ళు మంచాలు బయటపడేశారు. మూలింటావిడ వంటపాత్రలు మూటగట్టింది. ఆయన నల్లగుడ్డ, స్పిరిట్ సీసా, పుల్లలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పదేసి వస్తువులకి ఒకసారి ఇంటికొచ్చి ఉయ్యాలని తుడిచి, చూపు సరిచూసుకుని మళ్ళీ వెళ్ళాడు. వీధి కుళాయి ఎర్రబడినప్పుడు నీళ్ళు పట్టుకుంటున్నవాళ్ళు బిందెలు అక్కడే వదిలేసి పారిపోయారు. సాయంత్రానికి కుళాయికి తాళం పడింది. వీధంతా పసుపు స్టిక్కర్లతో మెరిసిపోతోంది.

భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, ఉయ్యాల సిద్ధమైందా?"

"ఉయ్యాల సంగతి తర్వాత. ఇల్లంతా ఎర్రగా ఉంది."

"ఎర్ర రంగు వేయించారా? పసిపిల్ల వస్తుంటే ఇంటికి రంగేమిటండీ! ఆ వాసన పాపకి పడుతుందా?"

"రంగు కాదు. నేను... నా చెయ్యి కూడా ఎర్రగానే ఉంది."

"మీరే వేశారా!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆ పక్క పాప సన్నగా మూలిగింది. ఆ చప్పుడుకి ఆయన రెండో చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు.

"రేపు ఐదింటికి వస్తున్నాం," అంది భార్య. "పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలో మీరే చూడండి."

ఆయన పెరట్లో నేల మీద కూర్చున్నాడు. ఇంట్లో పాపని పడుకోబెట్టే చోటు ఒక్కటి లేదు. మంచం పనికిరాదు, బల్ల పనికిరాదు, తన ఒళ్ళు అసలే పనికిరాదు. ఆ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడే తన చేతి విషం పిల్లకి అంటిందేమో. అసలు తన రక్తంలోనే ఉంటే? అది పుట్టకముందే ఇచ్చేసినట్టే కదా. మోకాళ్ళ మీద తల పెట్టుకుని నిజంగానే ఏడ్చాడు. నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుని, పనికిరాని చేత్తోనే వీపు నిమిరింది.

"పాలిష్ తీసేవాళ్ళని పిలవరా. తెలిసినవాళ్ళు చూస్తారు."

ఆదివారం పొద్దున్నే పాలిష్ మేస్త్రి వచ్చింది. యాభై ఏళ్ళావిడ, నడుముకి బిగించి కట్టిన చీర, చేతిలో గోనెసంచి. ముక్కు దగ్గర పెట్టి ఉయ్యాలని వాసన చూసింది. గోటితో గీరింది. సీసాలోంచి కాస్త స్పిరిట్ తెల్లటి దూది మీద పోసి ఒక మూల అద్ది, నిమిషం ఆగి తీసింది. దూది ఎర్రగా ముద్దయింది.

"ఎర్రరంగు కలిపిన లక్క పాలిషు బాబూ. ఎన్ని పూతలేశారో! దీన్ని గీకితే రాదు. స్పిరిట్ తగిలితే దానంతటదే దిగొస్తుంది."

"సీసం?"

"లక్కలో సీసమెక్కడిది? ఏదీ, మీ పుల్ల ఇటివ్వండి. తుడవకుండా రుద్దుదాం."

రుద్దింది. పుల్ల తెల్లగానే ఉంది. రెండోది కూడా తెల్లగానే ఉంది. మూడోది ఆయనే లాక్కుని రుద్దాడు. తెల్లగానే ఉంది. మేస్త్రి ఆయన చేతిలోంచి నల్లగుడ్డ తీసుకుని, ఒక తెల్ల కాగితం మీద పెట్టి నొక్కింది. కాగితం మీద ఎర్రటి మరక పడింది.

"దీంతోనేనా వీధంతా తుడిచింది?"

ఆయన గుడ్డని తిరగేసి చూశాడు. నల్లగుడ్డ మీద ఎరుపు కనపడదు. పదేసి వస్తువులకోసారి మళ్ళీ ఉయ్యాలని తుడిచి, గుడ్డకి కొత్త ఎరుపు పట్టించింది ఎవరో కాదు. పద్దెనిమిదేళ్ళ క్రమశిక్షణ ఆయన కళ్ళముందు గిర్రున తిరిగింది.

ఆ సంగతి వీధిలోకి వెళ్ళడానికి ఐదు నిమిషాలు పట్టింది. పదో నిమిషానికి గేటు దగ్గర నలభై మంది ఉన్నారు. అందరికన్నా ముందు పక్కింటాయన, తలుపు లేని ఇంట్లో రాత్రంతా మేలుకున్న కళ్ళతో. తనిఖీదారు ఉయ్యాల వెనక దాక్కున్నాడు. గడ్డం దగ్గర్నుంచి పైకంతా కనపడుతూనే ఉంది.

"బయటికి రండి! మా తలుపు ఎవరు బిగిస్తారు?"

"మా మంచాలు రాత్రి మంచులో నానాయి!"

"కుళాయి తాళం తియ్యమని ఎవరు చెప్తారు?"

బాబాయి గేటు దగ్గరికి వెళ్ళాడు. మామూలుగా అయితే ఆయన ఒక్క అరుపుకి వీధి ఖాళీ అయ్యేది. కానీ రెండు రోజులుగా ఆయన తన కోపాన్ని వదిలేసిన మనిషి. "తప్పు మాదే, క్షమించండి," అన్నాడు చేతులు జోడించి. ఆయన నోట్లోంచి ఆ మాట వినగానే జనం బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశారు. నాయనమ్మ ముందుకొచ్చి, తలుపులు, మంచాలు, కుళాయి అన్నీ తన మనవడే దగ్గరుండి చూస్తాడని మాటిచ్చింది. మనవడు ఉయ్యాల వెనక నుంచి తల ఊపాడు.

మేస్త్రి ఈ గొడవకి తల కూడా తిప్పలేదు. ఉయ్యాలని పెరట్లో గాలి తగిలేచోట పెట్టించింది. వంటింట్లో పొయ్యి ఆర్పించింది. చేతులకి తొడుగులు వేసుకుని, స్పిరిట్‌లో తడిపిన దూది పాలిష్ మీద పరిచి, పదేసి నిమిషాలు నాననిచ్చి, చెక్క గీత వెంబడి మెల్లగా తుడుచుకుంటూ పోయింది. మూలల్లో గడ్డలు వాటంతటవే మెత్తబడి ఊడొచ్చాయి. పొర కింద పొర దిగింది. వాడిన గుడ్డల్ని ముద్దగా పడెయ్యకుండా విడివిడిగా ఆరేసింది. "కుప్పగా పడేస్తే ఎవడో అగ్గిపుల్ల పడేస్తాడు," అంది. మూడు గంటలకల్లా లేత తేనె రంగు చెక్క బయటపడింది. ఆయన దాన్ని ముట్టుకోడానికి కాసేపు భయపడి, తర్వాత రెండు చేతులతో నిమిరాడు. ఆ చేతులు వణకలేదు.

ఐదింటికి, ఆసుపత్రిలో తోడున్న ఆయన అమ్మానాన్నల వెంట భార్య వచ్చింది. పాపని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన తీసుకెళ్ళి ఉయ్యాలలో పడుకోబెట్టాడు. పాప కళ్ళు మూసుకుంది. ఇంత తేలికైన పని కోసమా తను ఇంతగా భయపడిందని ఆయనకి నవ్వొచ్చింది.

అప్పుడే మేనత్త రిపోర్టులు తెచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆగలేక దారిలోనే చదివేసినట్టు ఆవిడ మొహమే చెబుతోంది.

"ఎవరి రక్తంలోనూ సీసం లేదట."

బాబాయి రిపోర్టు అందుకుని చూశాడు, తిరగేసి చూశాడు.

"అంటే..." అంది మేనత్త మెల్లగా, "ఆ ఫొటోలో నన్ను కోసింది నువ్వేనన్నమాట."

"కోశాను!" బాబాయి గొంతు కిటికీ అద్దాలని కదిలించింది. "కుదురుగా నిలబడమని ఎన్నిసార్లు చెప్పాను?"

"నిలబడ్డాను! నా చెవి సాక్షి!"

"మెల్లగా, పాప లేస్తుంది," అన్నాడు ఆయన.

పాప లేచింది. పిడికిళ్ళు బిగించి, మొహం కందిపోయేలా, బాబాయినీ మేనత్తనీ మించిన గొంతుతో ఒక అరుపు అరిచింది. ఇద్దరూ ఠక్కున ఆగారు. బాబాయి మొహంలో గర్వం తొంగిచూసింది. "నా గొంతే," అన్నాడు. "మొండితనం నాది," అంది మేనత్త. అక్కడి నుంచి ఇంకో గొడవ మొదలైంది.

ఆయన భయంగా ఉయ్యాల వైపు చూశాడు. "మేస్త్రిని మళ్ళీ పిలుద్దామా నాయనమ్మా?"

"ఎందుకురా? ఇది పాలిష్ కాదు," అంది నాయనమ్మ. "చెక్కే అంత."

రిపోర్టు చివర డాక్టరు సంతకం చేసి మరీ రాసింది, కుటుంబంలో అందరూ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారని.